రివాల్వర్ వేటకు పోత బుల్లెట్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికాలో ఉంటూ, అక్కడి లైసెన్సులతో రివాల్వర్ పట్టుకుని వేటకు వెళ్తున్న పాఠకులు కొందరు పోత బుల్లెట్ల (సీసం కరిగించి అచ్చులో పోసుకునే బుల్లెట్ల) గురించి అడిగిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను. మాటల్లో తికమక రాకుండా ఒక సంగతి ముందే చెబుతాను. ఈ జవాబుల్లో బుల్లెట్ అంటే బ్యారెల్ లోంచి బయటికి వెళ్లే సీసపు ముక్క మాత్రమే. కేసు (లోహపు గొట్టం), ప్రైమర్ (మందును రాజేసేది), మందు, బుల్లెట్ కలిసినదాన్ని తూటా అంటున్నాను.

ప్రశ్న: నా దగ్గర 44 మాగ్నం రివాల్వర్ ఉంది. తెల్లతోక జింకల వేట కోసం బుల్లెట్లు సొంతంగా పోసుకుందామని అచ్చు కొనబోతున్నాను. కీత్ పద్ధతి సెమీ వాడ్‌కట్టర్ (చదును ముక్కు, దాని కింద పదునైన భుజం ఉన్న బుల్లెట్) తీసుకోమని కొందరు, బాగా వెడల్పైన చదును ముక్కు ఉన్నది తీసుకోమని మరికొందరు చెబుతున్నారు. రెండింటికీ నిజంగా తేడా ఉందా?

జవాబు: తేడా ఉంది గానీ, ఆ రెండు పక్షాల వాళ్లు వాదించుకునేంత తేడా లేదు. అసలు తేడా గుండ్రటి ముక్కుకూ చదును ముక్కుకూ మధ్య ఉంది. గుండ్రటి ముక్కు బుల్లెట్ మాంసాన్ని పక్కకు ఒత్తుకుంటూ జారిపోతుంది, అది వెళ్లిన దారి వెంటనే ముడుచుకుపోతుంది. చదును ముక్కు అలా జారదు. ఎదురైన కణజాలాన్ని నేరుగా ఢీకొని, దాన్ని చుట్టూ పక్కలకు వేగంగా చిమ్ముతుంది, అందువల్ల బుల్లెట్ వ్యాసం కంటే పెద్ద రంధ్రం మిగులుతుంది. రివాల్వర్ బుల్లెట్ వేగం మామూలుగా సెకనుకు 900 నుంచి 1,400 అడుగుల మధ్యే ఉంటుంది కనుక, రైఫిల్ బుల్లెట్ వేగంతో చేసే పనిని ఇది ఆకారంతో చేయాలి. ఆ పని మొత్తం ముక్కు మీది చదును భాగానిది. దాన్నే మెప్లాట్ అంటారు.

ఐడహోలో పశువుల పెంపకం చేసిన ఎల్మర్ కీత్ ఈ సంగతిని వేటలో చూసి తెలుసుకుని, 1920ల చివరలో 44 స్పెషల్ కోసం ఒక బుల్లెట్ రూపొందించారు. లైమన్ కంపెనీ అచ్చు సంఖ్య 429421గా అది ఈనాటికీ పేరున్నదే. బరువు సుమారు 250 గ్రెయిన్లు, అంటే 16 గ్రాముల పైచిలుకు. వెడల్పైన చదును ముక్కు, పూర్తి వ్యాసంతో ఉండే మూడు పట్టీలు, అడుగు చదరంగా ఉండే లోతైన కందెన గాడి, కేసు అంచును లోపలికి నొక్కి బుల్లెట్‌ను బిగించేందుకు (దాన్నే క్రింప్ అంటారు) వాలుగా ఉండే క్రింప్ గాడి, వెనక సాదా అడుగు, ఇవీ దాని లక్షణాలు. 1955 చివరలో 44 మాగ్నం వచ్చినప్పుడు ఈ బుల్లెట్ దానికీ సరిపోయింది.

కీత్ బుల్లెట్ ముక్కు కింద పదునైన భుజం ఒకటి ఉంటుంది. అది కాగితపు లక్ష్యం మీద గుండ్రంగా, శుభ్రంగా రంధ్రం కోస్తుంది, కాబట్టి జంతువు ఒంట్లోనూ అలాగే కోస్తుందని చాలామంది నమ్ముతారు. నా అభిప్రాయం వేరు. చదును ముక్కు కణజాలాన్ని పక్కలకు చిమ్మేశాక, వెనక వచ్చే భుజానికి తగలడానికి పెద్దగా ఏమీ మిగలదు. భుజం అసలు ప్రయోజనం తూటాలు పట్టి తిరిగే సిలిండర్ దగ్గర కనిపిస్తుంది. పూర్తి వ్యాసమున్న ముందు పట్టీ కేసు బయట, ఛాంబర్ (తూటా కూర్చునే రంధ్రం) ముందు భాగమైన గొంతులో కూర్చుని, బుల్లెట్‌ను బ్యారెల్‌కు ఎదురుగా తిన్నగా నిలబెడుతుంది. దానివల్ల గురి బాగుంటుంది.

ఇక రెండో పక్షం. అచ్చులు తయారు చేసిన వెరల్ స్మిత్ తన ఎల్‌బీటీ అచ్చులతో ప్రచారంలోకి తెచ్చిన ఆకారాల్లో భుజం ఉండదు. పట్టీ దగ్గరి నుంచే ముక్కు వంపు తిరిగి, బాగా వెడల్పైన చదునులో ముగుస్తుంది. కీత్ బుల్లెట్ మెప్లాట్ వ్యాసంలో దాదాపు మూడింట రెండు వంతులుంటే, డబ్ల్యూఎఫ్ఎన్ అనే వెడల్పు రకంలో అది నాలుగింట మూడు వంతులు దాటుతుంది. ఎల్ఎఫ్ఎన్ అనే పొడవు ముక్కు రకం కీత్‌కు దగ్గరగా ఉంటుంది. వెడల్పు పెరిగేకొద్దీ గాయం పెద్దదవుతుంది, కానీ వంద గజాల దూరంలో గుంపు (గుండ్లు దగ్గరదగ్గరగా పడే చోటు) చెదిరే అవకాశమూ పెరుగుతుంది. తక్కువ దూరాల్లో, పొదల మధ్య వేటాడేవారికి డబ్ల్యూఎఫ్ఎన్ బాగుంటుంది. దూరాలు మారుతుండే చోట కీత్ గాని, ఎల్ఎఫ్ఎన్ గాని మేలు.

కిందటి వేటకాలంలో నలభై గజాల దూరం నుంచి కీత్ ఆకారపు బుల్లెట్‌తో కొట్టిన ఒక జింకను ఒలిచినప్పుడు చూసింది చెబుతాను. తోలు మీద రంధ్రం చిటికెన వేలు పట్టేంతే ఉంది. లోపల పక్కటెముక అంచును బుల్లెట్ అర్ధచంద్రాకారంలో తీసుకుపోయింది. రెండు ఊపిరితిత్తుల్లోనూ బొటనవేలు సులువుగా దూరే దారి ఏర్పడింది. అవతలి పక్క తోలు మీద ఇవతలి రంధ్రం లాంటిదే ఇంకొకటి ఉంది. రంధ్రం చుట్టూ మాంసం నలగలేదు, రక్తం గడ్డకట్టలేదు, పారేయవలసినదంటూ దాదాపు ఏమీ లేదు. జింక ముప్పై అడుగులు నడిచి పడిపోయింది. పోత బుల్లెట్ నుంచి నేను కోరుకునేది అంతే, రెండు వైపులా రంధ్రం, మధ్యలో తిన్నని దారి.

మొదటి అచ్చుగా మీరు కీత్ ఆకారమే తీసుకోండి. అయితే కీత్ పేరుతో అమ్మేవన్నీ కీత్ గీసినవి కావు. కొన్నింటిలో కందెన గాడి అడుగు గుండ్రంగా మారిపోయింది, కొన్నింటిలో ముందు పట్టీ సన్నబడింది. కొనేముందు బొమ్మను దగ్గరగా చూడండి. ముందు పట్టీ మిగతా పట్టీలంత వెడల్పుగా ఉందా, మెప్లాట్ నిజంగా చదునుగా ఉందా అన్నవి చూస్తే చాలు.

ప్రశ్న: నా 45 కోల్ట్ రివాల్వర్‌లో పది తూటాలు కాల్చేసరికే బ్యారెల్‌లో సీసం పేరుకుపోతోంది. బుల్లెట్ మెత్తగా ఉండడమే కారణమని చెబితే లైనోటైప్ లోహం (ముద్రణ అక్షరాలు పోసే మిశ్రమం) కలిపి గట్టిగా పోశాను. ఇప్పుడు ఇంకా ఎక్కువైంది. అచ్చు మార్చాలా?

జవాబు: అచ్చు మార్చకండి, ముందు కొలత తీసుకోండి. పోత బుల్లెట్ల విషయంలో ఎక్కువమంది డబ్బూ కాలమూ పోగొట్టుకునేది ఇక్కడే. బ్యారెల్‌కు సీసం అంటుకోవడానికి అన్నిటికంటే తరచుగా కనిపించే కారణం బుల్లెట్ సన్నగా ఉండడం. బుల్లెట్‌కూ బ్యారెల్ గోడకూ మధ్య సందు ఉంటే, వేడి వాయువు ఆ సందులోంచి దూసుకుపోతూ బుల్లెట్ పక్కలను కరిగించి, గీరి, ఆ సీసాన్ని గోడకు పూస్తుంది. కాస్త మెత్తని బుల్లెట్ అయితే వెనకనుంచి వచ్చే ఒత్తిడికి ఉబ్బి ఆ సందును కొంతవరకు మూసేస్తుంది. మీరు గట్టి లోహం వాడి ఆ కాస్త అవకాశాన్నీ తీసేశారు, అందుకే సీసం పెరిగింది.

ఇలా చేయండి. రివాల్వర్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, సిలిండర్ బయటికి తీసి శుభ్రంగా తుడవండి. మీరు పోసి, కొలతకు తెచ్చిన బుల్లెట్ ఒకటి తీసుకుని, సిలిండర్ ముందువైపు నుంచి ఒక్కొక్క ఛాంబర్ గొంతులో పెట్టి చూడండి. అది తనంత తానుగా జారి అవతలికి పడిపోతే బుల్లెట్ సన్నం. వేలితో గట్టిగా నొక్కినా కదలకపోతే లావు. పెన్సిల్ వెనక కొనతో నెమ్మదిగా నెట్టినప్పుడు, కాస్త పట్టు ఇస్తూ నున్నగా దిగితే ఆ కొలత సరైనది. ఆరు ఛాంబర్లనూ చూడాలి. ఐదింటిలో నున్నగా దిగి ఆరోదానిలో పట్టేసే సిలిండర్లు ఉంటాయి, ఆ ఒక్క ఛాంబర్ గుండే ప్రతిసారీ గుంపుకు దూరంగా పడుతుంది.

తర్వాత మెత్తని సీసపు ముక్కను బ్యారెల్ గుండా మెల్లగా నెట్టి, దాని మీద పడిన గాళ్ల వ్యాసం మైక్రోమీటర్‌తో కొలవండి. ఛాంబర్ గొంతు ఆ వ్యాసానికి సమానంగా గాని, వెయ్యో వంతు అంగుళం పెద్దదిగా గాని ఉండాలి. గొంతు చిన్నదైతే, మీరు ఎంత లావు బుల్లెట్ పెట్టినా గొంతే దాన్ని పిండి సన్నం చేసి బ్యారెల్‌లోకి పంపుతుంది. అలాంటప్పుడు ఏ మిశ్రమమూ, ఏ కందెనా, ఏ అచ్చూ పనిచేయవు. గన్‌స్మిత్ దగ్గర గొంతులను రీమర్‌తో సరిచేయించడమే మార్గం. 45 కోల్ట్ రివాల్వర్లలో ఇది అరుదైన సంగతి కాదు.

సీసం ఎక్కడ పడుతోందో కూడా చూడండి. సిలిండర్ వైపు, బ్యారెల్ మొదట్లో పడితే కొలత గురించి అనుమానించాలి. మూతి దగ్గర పడితే కందెన మధ్యలోనే అయిపోయిందని అర్థం.

గట్టిదనం మాట ఇప్పుడు చెబుతాను. లోహాల గట్టిదనాన్ని చెప్పే బ్రినెల్ కొలతలో శుద్ధ సీసం 5, వాహనాల చక్రాలకు తగిలించే పాత రకం సీసపు బరువులు సుమారు 12, లైమన్ 2వ నంబరు మిశ్రమం సుమారు 15, లైనోటైప్ సుమారు 22. సీసం 90, తగరం 5, ఆంటిమొనీ 5 పాళ్లు కలిపితే లైమన్ మిశ్రమం అవుతుంది. కీత్ తన బుల్లెట్లను 16 పాళ్ల సీసానికి 1 పాలు తగరంతో పోసుకున్నారు, దాని గట్టిదనం 11 దగ్గర ఉంటుంది. వేటకు ఉపయోగపడేది 11 నుంచి 15 వరకే అని నా గట్టి నమ్మకం. లైనోటైప్‌లో ఆంటిమొనీ 12 శాతం ఉంటుంది, అది బుల్లెట్‌ను పెళుసు చేస్తుంది. జింక భుజం ఎముకకు తగిలినప్పుడు మెత్తని బుల్లెట్ ముక్కు కాస్త అణిగి ముందుకు సాగుతుంది, లైనోటైప్ బుల్లెట్ ముక్కలు కావచ్చు. మీ దగ్గరున్న లైనోటైప్‌ను పారేయనక్కర లేదు. మెత్తని సీసంలో కొద్దికొద్దిగా కలుపుకుంటే అది మంచి సరుకే.

చక్రపు బరువులు కరిగించేవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. కొన్ని రాష్ట్రాలు సీసపు బరువులను నిషేధించాయి, కాబట్టి ఇప్పుడు దొరికేవాటిలో జింకు, ఇనుము ఎక్కువ. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర, జింకు 420 దగ్గర కరుగుతాయి. పాత్ర వేడి మరీ పెంచకుండా ఉంటే జింకు ముక్కలు కరగకుండా పైన తేలతాయి, గరిటెతో తీసేయవచ్చు. ఒకసారి కలిసిపోతే ఆ పాత్రలోని లోహం అచ్చును సరిగా నింపదు. గాలి ఆడే చోట పోయాలి, తడి తగిలిన ముక్కను కరిగిన సీసంలో వేయకూడదు, పని అయ్యాక చేతులు కడుక్కునే వరకు ఏదీ నోట్లో పెట్టుకోకూడదు. ఈ మూడింటిలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

ప్రశ్న: జింకకు 250 గ్రెయిన్ల బుల్లెట్ చాలా, లేక 300 గ్రెయిన్లు తీసుకోవాలా? బరువు పెరిగితే చంపే శక్తి పెరుగుతుంది కదా?

జవాబు: బరువు పెరిగితే పెరిగేది లోతు. ఆ లోతు మీకు అవసరమా అన్నదే ప్రశ్న. 44 మాగ్నంలో 240, 250 గ్రెయిన్ల చదును ముక్కు బుల్లెట్ మామూలు వేగంతో తెల్లతోక జింకను ఒక పక్కనుంచి ఇంకో పక్కకు దాటిపోతుంది. దాటి మట్టిలో దిగిన బుల్లెట్‌కు ఇంకో 50 గ్రెయిన్లు జోడిస్తే మట్టిలో ఇంకొంచెం లోతుకు వెళ్తుంది, అంతే. ఎల్క్, మూస్, ఎలుగుబంటి వంటి పెద్ద జంతువుల వేటలో, అందులోనూ ఏటవాలుగా కొట్టవలసి వచ్చినప్పుడు, 300 గ్రెయిన్ల బుల్లెట్‌కు అర్థముంది. ఆ జంతువుల ఒంట్లో రెండు మూడు అడుగుల కండ, ఎముక దాటాలి.

బరువుకు ఖరీదు చెల్లించాలి కూడా. చేతికి తగిలే తన్ను పెరుగుతుంది, దానితో చాలామందికి ట్రిగ్గర్ లాగేటప్పుడు ఉలికిపాటు అలవాటవుతుంది. బరువైన బుల్లెట్ బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది, ఆ లోపల మూతి పైకి లేస్తుంది కనుక గుండు మామూలుకంటే ఎత్తుగా పడుతుంది. కదలని సైట్లున్న రివాల్వర్‌లో దాన్ని సరిచేసుకోవడం కష్టం. ఇంకొకటి, పొడవు. బుల్లెట్ పొడవైతే అది కేసులోకి ఎక్కువ దిగుతుంది, మందుకు చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. ఒకే బరువున్న రెండు బుల్లెట్లు కూడా కేసులో వేర్వేరు లోతుల్లో కూర్చుంటాయి, కాబట్టి ఒకదానికి చెప్పిన మందు కొలతను ఇంకోదానికి వాడకూడదు. ఆ బుల్లెట్‌కే అచ్చయిన లోడింగ్ పట్టిక చూసి, అందులోని అతి తక్కువ మందు కొలతతో మొదలుపెట్టాలి. పాత కాలపు 45 కోల్ట్ రివాల్వర్లకు ఇది ప్రాణం మీది సంగతి. ఇప్పటి బలమైన రివాల్వర్ల కోసం ఇచ్చిన లోడ్లను వాటి సిలిండర్లు తట్టుకోలేవు.

వేగం గురించి కూడా ఇదే చెబుతాను. సెకనుకు 1,000 అడుగుల దగ్గర చక్కగా గురి కుదిరే లోడ్ ఉంటే, 1,300 కోసం దాన్ని పాడుచేసుకోవద్దు. ఎక్కువ వేగం వల్ల గుండు దారి కాస్త చదునవుతుంది, దూరాన్ని తప్పు అంచనా వేసినప్పుడు అది ఆదుకుంటుంది. జంతువు మీద కనిపించే తేడా మాత్రం మీరు ఊహించినంత ఉండదు. గట్టి చదును ముక్కు బుల్లెట్ పని తీరును ఫుట్ పౌండ్ల శక్తి అంకె చూసి తేల్చలేము. మీరు వేటలో కూర్చునే తీరులోనే కూర్చుని, ఎనిమిది అంగుళాల పళ్లెం మీద వరసగా ఆరు గుండ్లూ పెట్టగల దూరం ఎంతో తెలుసుకోండి. మీ వేట హద్దు ఆ దూరమే.

ప్రశ్న: పోత బుల్లెట్‌లోనే హాలో పాయింట్ (ముక్కులో గుంట ఉండి, తగిలినప్పుడు విచ్చుకునే రకం) అచ్చులు వస్తున్నాయి. అవి జింకకు ఇంకా మంచివి కావా?

జవాబు: మిశ్రమం సరిగ్గా కుదిరితే మంచివే. సెకనుకు 1,000 అడుగుల దగ్గర 20 పాళ్ల సీసం, 1 పాలు తగరం మిశ్రమంతో పోసిన హాలో పాయింట్ చక్కగా విచ్చుకుంటుంది. అదే అచ్చులో ఆంటిమొనీ ఎక్కువున్న గట్టి లోహం పోస్తే ముక్కు విచ్చుకోదు, రేకులు రేకులుగా విరిగిపోతుంది. మిగిలిన అడుగు ముక్క మాత్రం ముందుకు పోతుంది. అంటే ఇక్కడ వేగానికి తగ్గట్టు లోహాన్ని, లోహానికి తగ్గట్టు వేగాన్ని పట్టి ఉంచాలి, ఒకటి మారితే రెండోది మార్చాలి. చదును ముక్కు బుల్లెట్‌కు ఈ బాధ లేదు. దగ్గరైనా దూరమైనా, ఎముక తగిలినా తగలకపోయినా, దాని ముక్కు మొదటినుంచీ వెడల్పుగానే ఉంది. పైగా హాలో పాయింట్ అచ్చులో గుంట చేసే పిన్ను చల్లారితే బుల్లెట్ సరిగా నిండదు, కొత్తవారికి ఓపిక నశిస్తుంది. చిన్న జింకల వేటలో, ఊపిరితిత్తుల మీదకే గురిపెట్టే నిగ్రహం ఉన్నవారికి హాలో పాయింట్ సరిపోతుంది. అడవిపందుల భుజం మీది గట్టి తోలు, ఎముక దాటాలంటే గట్టి చదును ముక్కునే వాడండి.

ప్రశ్న: నా 357 మాగ్నంలో కీత్ బుల్లెట్ పెట్టి క్రింప్ గాడిలో క్రింప్ చేస్తే, తూటా ముక్కు సిలిండర్ బయటికి వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: మీది లైమన్ 358429 అయి ఉండాలి. దాన్ని 38 స్పెషల్ కేసును మనసులో పెట్టుకుని గీశారు, ముక్కు పొడవు. 357 కేసు అంతకంటే పొడవు కాబట్టి, పొట్టి సిలిండర్లున్న కొన్ని రివాల్వర్లలో ఇమడదు. గాడి వదిలేసి పట్టీ మీద క్రింప్ చేసే పద్ధతి ఉంది గానీ, బుల్లెట్ అలా లోతుకు దిగితే పైన చెప్పినట్టు ఒత్తిడి పెరుగుతుంది. దానికంటే రే థాంప్సన్ గీసిన 358156 అచ్చు తెచ్చుకోండి. దానికి రెండు క్రింప్ గాళ్లుంటాయి, అడుగున గ్యాస్ చెక్ అనే చిన్న రాగి మూతను తొడిగే వీలుంటుంది. 357 వంటి ఒత్తిడి ఎక్కువగల తూటాలో ఆ చెక్ బుల్లెట్ అడుగును కాపాడుతుంది, మెత్తని లోహాన్ని కూడా ధైర్యంగా వాడుకోవచ్చు. క్రింప్ మాత్రం గట్టిగా పడాలి. లేకపోతే ఐదు తూటాలు కాల్చేలోగా తన్నుకు ఆరోదాని బుల్లెట్ కేసులోంచి ముందుకు జరిగి, సిలిండర్ తిరగకుండా అడ్డుపడుతుంది. కొత్త లోడ్ తయారు చేసినప్పుడల్లా ఐదు కాల్చి, ఆరో తూటా పొడవు కొలిచి చూడండి.

ప్రశ్న: వేటకు సీసపు బుల్లెట్ వాడడం చట్టరీత్యా ఎక్కడైనా తప్పా?

జవాబు: కాలిఫోర్నియాలో తప్పు. 2013లో చేసిన చట్టం దశలవారీగా అమలై, 2019 జులై 1 నుంచి అక్కడ తుపాకీతో ఏ వన్యప్రాణిని వేటాడినా సీసం లేని బుల్లెట్లే వాడాలి. వేటగాళ్లు వదిలేసిన పేగుల్లోని సీసపు తునకలు తిని కాండర్ రాబందులు చనిపోవడం దీనికి ముఖ్య కారణం. గట్టి పోత బుల్లెట్ తునకలు కావడం తక్కువే అయినా చట్టం ఆ తేడా చూడదు. ఇంకొన్ని రాష్ట్రాలు పెద్ద జంతువుల వేటలో విచ్చుకునే బుల్లెట్లే వాడాలంటాయి, అక్కడ చదును ముక్కు పోత బుల్లెట్ చెల్లకపోవచ్చు. క్యాలిబర్‌కు, బ్యారెల్ పొడవుకు కూడా రాష్ట్రానికో నియమం ఉంటుంది. అచ్చుకు డబ్బు కట్టేముందే మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఆ ఏడాదికి ఇచ్చిన నియమాల పుస్తకంలో చేతి తుపాకీ వేట పేజీ తీసి, బుల్లెట్ గురించి రాసిన వాక్యం ఒక్కొక్కటీ చదవండి. పోయిన ఏటి పుస్తకం మీద ఆధారపడకండి.